మేకుకు ఒక జోడీ చుక్క

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఆరు ఊగే వస్తువుల గురించే. ల్యాబ్‌లో ఇనుప బద్ద, ఇంటి తలుపు, ఉయ్యాల బల్ల, పిల్లాడి బ్యాటు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. నాకు చాలా ఇష్టమైన పాఠం ఇదే. అందుకే ఈసారి పేజీ మొత్తం వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ మొదటి సంవత్సరం. ల్యాబ్‌లో బార్ పెండులం ప్రయోగం చేశాను. ఇనుప బద్దను చివరి రంధ్రం నుంచి మధ్య వైపు ఒక్కో రంధ్రం మారుస్తూ వేలాడదీసి ఊపాను. ఆవర్తన కాలం (ఒక పూర్తి ఊపుకు పట్టే సమయం) మొదట తగ్గింది, తర్వాత పెరగడం మొదలైంది. పొడవు తగ్గితే కాలం తగ్గాలి కదా, నీ రీడింగులు తప్పు అని మా గ్రూపులో అందరూ అన్నారు. సబ్మిషన్ టెన్షన్‌లో చెరిపేసి, వరసగా తగ్గుతున్నట్టు రాసేశాను. కానీ మనసు ఒప్పుకోవడం లేదు. ఎక్కడ పొరపాటు చేశాను?
— విద్యార్థిని, తణుకు

జవాబు: తల్లీ, నువ్వు చెరిపేసిన రీడింగులే సరైనవి. రఫ్ నోట్సులో ఇంకా ఉంటే వాటినే మళ్లీ రికార్డులోకి ఎక్కించు.

చిక్కంతా "పొడవు" అన్న మాటతో వచ్చింది. దారానికి చిన్న గుండు కట్టి ఊపితే బరువంతా ఒక్కచోటే ఉంటుంది కాబట్టి మేకు నుంచి గుండు దాకా ఉన్నదే పొడవు. బద్దకు అలా ఒక చోటంటూ లేదు. బరువు ఆ చివర నుంచి ఈ చివర దాకా పరుచుకుని ఉంది. నువ్వు రంధ్రం మార్చినప్పుడల్లా కొంత బరువు మేకుకు పైకి వెళ్లింది, కొంత కింద మిగిలింది. అయినా బద్ద ఒకే ముక్కగా ఊగాలి.

పక్కకు లాగి వదిలిన బద్దను తిరిగి కిందికి తిప్పేది దాని బరువు. ఈ తిప్పుడునే టార్క్ అంటాం. మేకుకూ ద్రవ్యరాశి కేంద్రానికీ (మన బద్దకు అది సరిగ్గా మధ్యలో ఉంటుంది) మధ్య ఎంత దూరముంటే అది అంత ఎక్కువ. తిరగనని మొండికేసేది జడత్వ భ్రామకం. అందులో రెండు వాటాలున్నాయి. ఒకటి బద్ద తన మధ్య చుట్టూ తాను తిరగడానికి చూపే మొండితనం. మేకు ఎక్కడ పెట్టినా ఇది మారదు. రెండోది మేకు నుంచి మధ్యకు ఉన్న దూరపు వర్గంతో పెరిగేది. సమాంతరాక్ష సిద్ధాంతం అని నువ్వు బట్టీపట్టింది ఇదే.

చివరి రంధ్రం నుంచి లోపలికి జరిగితే టార్క్ తగ్గుతుంది, మొండితనమూ తగ్గుతుంది. మొదట్లో మొండితనమే వేగంగా తగ్గుతుంది, ఎందుకంటే అందులో దూరం వర్గంగా ఉంది. అందుకే బద్ద త్వరగా ఊగింది. ఇంకా లోపలికి వెళ్తే మొండితనంలో ఆ మారని వాటా మాత్రం అలాగే ఉండిపోతుంది, టార్క్ దాదాపు లేకుండా పోతుంది. తిప్పేవాడు లేడు, మొండివాడు అలాగే ఉన్నాడు. బద్ద నెమ్మదిస్తుంది. సరిగ్గా మధ్యలో మేకు పెడితే అసలు ఊగదు, ఎటు తిప్పి వదిలితే అటే నిలబడుతుంది.

లెక్క కూడా చూడు. మేకు నుంచి మధ్యకు దూరం "ద", భ్రమణ వ్యాసార్ధం (బరువు మధ్య నుంచి ఎంత దూరం పరుచుకుని ఉందో చెప్పే కొలత) "భ" అనుకుందాం. భ² కు ద² కలిపి, మొత్తాన్ని ద తో భాగించు. వచ్చేది ఒక పొడవు. అంత పొడవున్న దారానికి గుండు కట్టి ఊపితే ఎంత సమయం పడుతుందో నీ బద్దకూ అంతే. నీ లెక్కలో వాడాల్సిన పొడవు అది.

నీ ఉత్తరం చదివాక మా గోడకు ఒక మేకు కొట్టి, పాత చెక్క మీటరు స్కేలుకు నాలుగు చోట్ల రంధ్రాలు పెట్టించి ఊపి చూశాను. మీటరు స్కేలుకు భ విలువ 28.9 సెంటీమీటర్లు. 2 సెం.మీ. గుర్తు దగ్గర వేలాడదీస్తే 20 డోలనాలకు సుమారు 32న్నర సెకన్లు. 21 దగ్గర 30న్నర. 40 దగ్గరకు వచ్చేసరికి 39కి దగ్గర. 45 దగ్గర మేకు రాపిడికి తొందరగా ఆగిపోతుంటే పదే లెక్కపెట్టాను, 26 సెకన్లు పట్టింది. అంటే మధ్యకు 5 సెం.మీ. దూరంలో వేలాడిన మీటరు స్కేలు, 1.7 మీటర్ల దారంలా నిదానంగా ఊగుతోంది. ఆ దారం స్కేలు కంటే పొడవు! ఇన్నేళ్లు చెప్పిన పాఠమే అయినా స్కేలు అంత నెమ్మదిగా తిరిగి రావడం చూస్తూ కాసేపు అక్కడే నిలబడిపోయాను.

పాతకాలం బంగారం కొట్లో త్రాసు ముల్లు ఎంతకీ కుదురుకోకపోవడం చూశావా? అదీ ఇదే. త్రాసు కాడను దాని ద్రవ్యరాశి కేంద్రానికి ఒక్క రవ్వ పైన నిలబెడతారు. టార్క్ అంత తక్కువ కాబట్టే గురిగింజంత తేడాకూ కాడ వాలిపోతుంది. అందుకే మెల్లగా ఊగుతుంది కూడా. మోటు త్రాసు టక్కున ఆగుతుంది, మంచి త్రాసు మాత్రం మనల్ని కాసేపు నిలబెడుతుంది.

ఇప్పుడు అసలు అందమైన సంగతి. 2 సెం.మీ. గుర్తు దగ్గర వేలాడిన స్కేలుకు పై లెక్క ప్రకారం వచ్చే పొడవు 65.4 సెం.మీ. మేకు నుంచి అంత దూరం కొలిస్తే 67.4 గుర్తు వస్తుంది. అక్కడ పెన్నుతో ఒక చుక్క పెట్టు. పుస్తకాలు దాన్ని డోలన కేంద్రం అంటాయి. నేను మా పిల్లలకు "మేకుకు జోడీ చుక్క" అని చెప్పేదాన్ని. ఆ చుక్క దగ్గర రంధ్రం పెట్టి స్కేలును తలకిందులుగా వేలాడదీస్తే ఆవర్తన కాలం అదే వస్తుంది, జోడీ చుక్క పాత మేకు చోటికి వస్తుంది. మేకూ చుక్కా చోట్లు మార్చుకున్నాయన్నమాట. దీన్ని నిరూపించినది డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్. 1673లో అచ్చయిన లోలక గడియారాల గ్రంథంలో రాశారు.

నీ గ్రాఫులో రెండు లోయలు వచ్చి ఉండాలి, బద్ద మధ్యకు చెరో వైపు. అడ్డంగా ఒక గీత గీస్తే నాలుగు చోట్ల తెగుతుంది. మధ్యకు ఒక వైపున్న దూరపు చుక్కా, రెండో వైపున్న దగ్గరి చుక్కా ఒక జోడీ. చెరిపేసిన ఆ పెరుగుడు లేకపోతే ఈ జోడీయే దొరకదు.

ప్రశ్న: మా పడకగది తలుపు గాలికి దబ్బున తెరుచుకుని స్టాపర్‌కు కొట్టుకుంటుంది. ఏడాదికోసారి బందుల స్క్రూలు ఊడొస్తున్నాయి. పెద్ద స్క్రూలు వేయించాను, చెక్క మార్పించాను, లాభం లేదు. తలుపు వెడల్పు మూడడుగులు. స్టాపర్ కాళ్లకు అడ్డం రాకూడదని బందుల వైపు ఒక అడుగు దూరంలో నేలకు బిగించారు. దీనికి మీ ఫిజిక్స్‌లో ఏమైనా ఉపాయం ఉందా?
— రిటైర్డ్ ఉద్యోగి, హన్మకొండ

జవాబు: ఉందండీ అన్నయ్యగారూ. స్క్రూలను వదిలేసి స్టాపర్‌ను జరపండి. బందుల నుంచి రెండడుగుల దగ్గర పెట్టించండి.

తలుపు కూడా ఒక స్థిరమైన ఇరుసు చుట్టూ తిరిగే దృఢ వస్తువే. స్టాపర్ కొట్టిన దెబ్బ తలుపు మీద రెండు పనులు చేస్తుంది. తలుపు మొత్తాన్ని వెనక్కి నెడుతుంది. దాంతోపాటు తలుపును దాని మధ్యభాగం చుట్టూ తిప్పాలనీ చూస్తుంది. బందులున్న అంచు దగ్గర నెట్టుడు ఒక వైపు, తిప్పుడు ఎదురు వైపు. దెబ్బ వెడల్పులో మూడింట రెండు వంతుల దగ్గర తగిలితే ఈ రెండూ సరిగ్గా చెల్లుకు చెల్లు. బందుకు ఏమీ తగలదు. అంతటా ఒకే మందమున్న తలుపుకు జోడీ చుక్క ఉండేది అక్కడే. పై జవాబులో నేను ఊపిన మీటరు స్కేలును అంచు దగ్గరే వేలాడదీస్తే చుక్క సరిగ్గా 66.7 సెం.మీ. దగ్గర పడుతుంది, అదే వంతు.

మీ స్టాపర్ ఒక అడుగు దగ్గరుంది, అంటే మూడో వంతు. అక్కడ దెబ్బ తగిలితే, తలుపు బయటి అంచున ఆపినప్పటితో పోలిస్తే బందుకు మూడు రెట్లు కుదుపు. చాలామంది బయటి అంచున ఆపడమే మంచిదనుకుంటారు. మీ ఇప్పటి చోటు కంటే అది మేలే, కానీ అక్కడా బందుకు కొంత కుదుపు ఉంటుంది, ఎదురు దిక్కులో.

నమ్మకం కుదరకపోతే బట్టలారేసే కర్ర తీసుకోండి. ఒక చివర వదులుగా పట్టుకుని అరుగు అంచుకు తాటించండి. చేతికి దగ్గరగా తగిలితే మణికట్టు జిల్లుమంటుంది. చివర తగిలితే ఇంకో రకంగా ఎగురుతుంది. మూడింట రెండు వంతుల దగ్గర తగిలినప్పుడు చేతికి ఏమీ తెలియదు, కర్ర మెత్తగా ఆగిపోతుంది.

ఒక చిన్న సంగతి. స్టాపర్ నేలమీద ఉంటే దెబ్బ తలుపు అడుగున తగులుతుంది, అప్పుడు పై బందుకు కొంత మెలి తప్పదు. వీలైతే తలుపు ఎత్తులో సగం దగ్గర గోడకు రబ్బరు స్టాపర్ బిగించండి. మా ఇంట్లో వంటగది తలుపుకు అలాగే చేయించాను. పాత స్క్రూలే ఇంకా ఉన్నాయి.

ప్రశ్న: మేడమ్, మీటరు స్కేలు ఒక చివర బల్ల అంచుకు ఆనించి, అడ్డంగా పట్టుకుని, దాని మీద వరసగా నాణేలు పెట్టి వదిలేస్తే చివరి నాణేలు గాల్లో వెనకబడ్డాయి. స్లో మోషన్‌లో వీడియో తీశాను. అన్నీ ఒకే త్వరణంతో పడాలని కదా గెలీలియో చెప్పింది? స్కేలు నాణేల కంటే ముందు ఎలా పడింది?
— ఇంటర్ విద్యార్థి, నల్గొండ

జవాబు: వీడియో తీసి చూసినందుకు నీకు శభాష్ నాన్నా. గెలీలియో మాట స్వేచ్ఛగా పడే వస్తువుకు. నీ నాణెం స్వేచ్ఛగా పడింది. స్కేలు అలా పడలేదు, దాని ఒక చివర బల్ల పట్టుకుని ఉంది.

వదిలిన క్షణం లెక్క వేద్దాం. స్కేలు మధ్యభాగం గురుత్వ త్వరణంలో ముప్పావు వంతుతోనే పడుతుంది, ఎందుకంటే బరువులో పావు వంతును బల్ల అంచు ఇంకా మోస్తోంది. 200 గ్రాముల స్కేలైతే బల్ల మీద 50 గ్రాములే ఆనుతున్నాయన్నమాట. వదలకముందు బల్లా నీ వేలూ చెరో 100 గ్రాములు మోసేవి. స్కేలు వంగదు కాబట్టి చివర ఉన్న చుక్క మధ్య చుక్క కంటే రెట్టింపు త్వరణంతో పడాలి. ముప్పావుకు రెట్టింపు ఒకటిన్నర! చివరి అంచు గురుత్వం కంటే ఒకటిన్నర రెట్లు త్వరగా కిందికి పోతుంది. నాణేన్ని అలా లాగేవాళ్లెవరూ లేరు, పాపం వెనకే ఉండిపోతుంది.

ఎక్కడి నుంచి వెనకబడ్డాయో నీ వీడియో మళ్లీ చూడు. 66, 67 గుర్తుల దగ్గర నుంచి అయి ఉండాలి. ఆ చోటు సరిగ్గా స్వేచ్ఛగా పడే రాయిలా పడుతుంది. పై రెండు ఉత్తరాల్లో వచ్చిన జోడీ చుక్కే అది. అంతకు లోపలి నాణేలు స్కేలును అంటిపెట్టుకుని దిగుతాయి, బయటివి విడిపోతాయి.

పాత ఫ్యాక్టరీల ఇటుక చిమ్నీలను కూల్చే వీడియోలు కూడా చూడు. చాలా చిమ్నీలు నేలను తాకకముందే గాల్లో విరుగుతాయి. పై భాగం గురుత్వం ఇచ్చే దాని కంటే త్వరగా పడాలి, ఆ అదనపు లాగుడు కింది భాగం నుంచి రావాలి. వంపును తట్టుకునే శక్తి ఇటుకకు లేదు.

ఇంకో లెక్క నువ్వే చెయ్యి. స్కేలు చివరను మేకుకు తగిలించి, అడ్డంగా పట్టుకుని వదిలితే, నిలువుగా కిందికి వచ్చిన క్షణంలో మేకు మీద ఎంత బరువు పడుతుంది? శక్తి నిత్యత్వంతో మొదలుపెట్టు. స్కేలు బరువుకు రెండున్నర రెట్లు రావాలి.

ప్రశ్న: మా ఉయ్యాల బల్లకు రెండు కొక్కేలు. ఒక్కో కొక్కెం నుంచి గొలుసులు రెండుగా చీలి బల్ల మూలలకు వస్తాయి. ముందుకీ వెనక్కీ ఊగితే ఒక లయ, పక్కవాటుగా బల్ల పొడవునా ఊపితే ఇంకో లయ ఎందుకు? గొలుసులు అవే కదా?
— గృహిణి, అమలాపురం

జవాబు: ఎంత బాగా గమనించారండీ! మా అమ్మ ఉయ్యాల మీద పాతికేళ్లు ఊగి కూడా నేను దీన్ని పట్టించుకోలేదు. డిగ్రీ అయ్యాక ఒక వేసవి మధ్యాహ్నం పడుకుని ఊగుతుంటే తట్టింది.

ముందుకీ వెనక్కీ ఊగినప్పుడు బల్ల వాలుతుంది. ముందుకు పోయినప్పుడు ముందు అంచు పైకి లేస్తుంది. గొలుసులు, బల్ల, మీరు అంతా కలిసి కొక్కేల గీత చుట్టూ ఒకే ముక్కగా తిరుగుతున్నారు. అది సంయుక్త లోలకం. అప్పుడు బరువు ఎక్కడుంటే దాన్ని బట్టి లయ మారుతుంది. పిల్లలు బల్ల మీద నిలబడి ఊగితే బరువు కొక్కేలకు దగ్గరవుతుంది, ఉయ్యాల త్వరపడుతుంది.

పక్కవాటుగా ఊపినప్పుడు బల్ల వైపే చూడండి. అది వాలదు. రెండు కొక్కేల గొలుసులూ సమాంతరంగా వంగుతాయి, బల్ల నేలకు సమాంతరంగానే అటూ ఇటూ జరుగుతుంది. అంటే అక్కడ తిరగడమే లేదు. బల్ల మీద ప్రతి చుక్కా ఒకే కొలత వంపులో పోతుంది. ఇక జడత్వ భ్రామకం మాటే రాదు. కొక్కెం నుంచి బల్ల దాకా ఎత్తు రెండు మీటర్లైతే ఒక ఊపుకు 2.8 సెకన్లు. బల్ల ఎంత పొడవైనా, ఎంతమంది కూర్చున్నా, పసివాడు నిలబడ్డా అంతే. గొలుసు బిగువుగా ఉండి, ఎవరూ కదలకపోతే చాలు. సాయంత్రం పిల్లలతో సరిచూడండి. నిలబడినా మారని లయ వాళ్లకు భలే వింతగా ఉంటుంది.

ఊపు మరీ పెద్దదైతే మాత్రం సమయం పెరుగుతుంది. నిలువు నుంచి 30 డిగ్రీల దాకా పోతే నూటికి రెండు కూడా పెరగదు. 60 డిగ్రీలైతే 7 శాతం పెరుగుతుంది.

ప్రశ్న: లోలకాలతో హిమాలయాలను తూచారని మా శిక్షణలో ఒకసారి విన్నాను. నిజమేనా?
— రిటైర్డ్ సర్వేయర్, కడప

జవాబు: తూచారనే చెప్పవచ్చు. లోలకం ఊగే సమయం గురుత్వ త్వరణం మీద ఆధారపడుతుంది కాబట్టి, ఊపులు జాగ్రత్తగా లెక్కపెడితే ఆ చోట గురుత్వం ఎంతో తెలుస్తుంది. కానీ దానికి అసలు పొడవు కచ్చితంగా తెలియాలి. అక్కడే బ్రిటిష్ శాస్త్రవేత్త హెన్రీ కేటర్, మొదటి జవాబులో హైగెన్స్ చెప్పిన జోడీని వాడుకున్నారు. ఒకే బద్దకు రెండు కత్తి అంచులు పెట్టి, ఏ అంచు మీద ఊపినా ఒకే సమయం వచ్చేలా బరువులు సర్దారు. ఇక రెండు అంచుల మధ్య దూరం కొలిస్తే చాలు. బద్ద ఆకారం, బరువు ఎక్కడుందన్న బెంగ లేదు. లండన్‌లో ఆయన ఈ కొలతలు చేసి 1818లో ప్రకటించారు. మీకు నచ్చే సంగతి ఇంకోటి, ఈ కేటర్ యువకుడిగా మన దక్షిణాదిలో విలియం లాంబ్టన్ కింద సర్వే పని చేసినవారే.

తర్వాత 1865 నుంచి, లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే తరఫున కెప్టెన్ జేమ్స్ బసేవి, రాయల్ సొసైటీ ఇచ్చిన లోలకాలను దేశమంతా మోసుకెళ్లి ఊపారు. అవి కేటర్‌వి లాంటి తిరగేసేవి కావు. పొడవు మారని లోలకాలు. ఒకచోటికీ ఇంకోచోటికీ తేడా పట్టేవి. పర్వతాల దగ్గర గురుత్వం అంచనా కంటే తక్కువ వచ్చింది. పైన అంత రాయి పేరుకుని ఉన్నా కింద పదార్థం తేలికగా ఉందని దాని అర్థం. 1871 జూలైలో లడఖ్ ఎత్తుల్లో, చలిలో, ఈ పని మీద ఉండగానే బసేవి చనిపోయారు. మిగిలిన పనిని కెప్టెన్ హెవిసైడ్ పూర్తి చేశారు. ఆ కొలతల గురించి చెప్పినప్పుడల్లా ఒక గుడారంలో ఊగుతున్న ఇత్తడి బద్ద, దాని ముందు కూర్చుని లెక్కపెడుతున్న మనిషి నాకు కళ్లకు కడతారు.

ప్రశ్న: నా బ్యాటులో బంతి ఎక్కడ తగిలితే చేతులు జిల్లుమనవో ముందే కనుక్కోవచ్చా?
— ఎనిమిదో తరగతి, గాజువాక

జవాబు: కనుక్కోవచ్చు నాన్నా. నువ్వు పిడిని పట్టుకునే చోట సన్నని దారం బిగించి, దాన్ని మేకుకు దగ్గరగా కట్టి బ్యాటును వేలాడదీయి. పక్కనే ఇంకో దారానికి నట్టు కట్టి వేలాడదీయి. రెండిటినీ కొంచెం ఒకేసారి లాగి వదులు. నట్టు ముందుపోతే దారం పెంచు, వెనకబడితే తగ్గించు. రెండూ పది ఊపులు కలిసి ఊగాయంటే, నట్టు ఉన్న ఎత్తుకు బ్యాటు మీద చాక్‌పీసుతో గీత గీయి. బ్యాటు కంపించే తీరు కూడా చేతికి తెలుస్తుంది కాబట్టి, గీతకు ఒకటి రెండు అంగుళాలు అటూ ఇటూ కూడా బంతితో తట్టి చూడు. బంతిని కొట్టే ముఖం ముందుకీ వెనక్కీ పోయేలా ఊపాలి, అంచు వైపు కాదు, సరేనా?